కరపత్రమూ, చెప్పు అట్టా: పెర్ల్ బక్ రచనల్లో సువార్త వినే మనిషి

1. ప్రవేశిక

పెర్ల్ ఎస్. బక్ 1931లో ప్రచురించిన 'ది గుడ్ ఎర్త్' నవలలో ఒక చిన్న సన్నివేశం ఉంది. వాంగ్ లుంగ్ అనే చైనా రైతు కరవు తాళలేక, ముసలి తండ్రినీ భార్యాబిడ్డలనూ వెంటబెట్టుకొని దక్షిణాన ఉన్న ఒక నగరానికి వలస వెళతాడు. అక్కడ అతడు రిక్షా లాగుతాడు. మిగిలినవారు అడుక్కుంటారు. ఒకరోజు వీధిలో ఒక విదేశీయుడు అతని చేతిలో ఒక కాగితం పెట్టి తన దారిన తాను వెళ్ళిపోతాడు. అడ్డకొయ్యకు వేలాడుతున్న ఒక తెల్లమనిషి బొమ్మ, దాని చుట్టూ అక్షరాలు. వాంగ్ లుంగ్‌కు చదువు రాదు. ఆ బొమ్మ ఇంటికి తెచ్చి చూపిస్తే పిల్లలు రక్తం చూసి కేకలు వేస్తారు. ఇలా వేలాడదీశారంటే వీడు చాలా చెడ్డవాడై ఉంటాడని ముసలాయన తేల్చేస్తాడు. ఈ విదేశీయుని అన్నదమ్ముల్లో ఎవరినైనా ఇలా చంపారేమో, వీళ్ళు పగ తీర్చుకోవడానికి తిరుగుతున్నారేమో అని వాంగ్ లుంగ్‌కు భయం వేస్తుంది. కొన్నాళ్ళకు అందరూ ఆ సంగతి మరచిపోతారు. అతని భార్య ఓలాన్ ఆ కాగితాన్ని దారిలో ఏరుకొచ్చిన మరికొన్ని కాగితపు ముక్కలతో కలిపి చెప్పు అట్టలో పెట్టి కుట్టేస్తుంది.

ఈ భాగాన్ని చదివిన క్రైస్తవ పాఠకునికి మొదట కలిగేది బాధ. సిలువ బొమ్మ కాలి కింద పడిందే అని మనసు గిలగిలలాడుతుంది. రచయిత్రి క్రైస్తవ్యాన్ని ఎగతాళి చేశారని కొందరు అనుకోవచ్చు. అయితే ఈ సన్నివేశం రాసిన నాటికి ఆమె స్వయంగా ప్రెస్బిటేరియన్ మిషన్ బోర్డు జాబితాలో ఉన్న మిషనరీ. మిషనరీల కూతురు. మిషనరీ భార్య. వీధుల్లో తిరిగి సువార్త ప్రకటించిన తండ్రిని చిన్ననాటినుండీ చూసిన మనిషి. కనుక ఈ సన్నివేశాన్ని బయటివారి వెక్కిరింతగా తోసివేయడం న్యాయం కాదు. ఇంటిలోనివారి సాక్ష్యంగా దీనిని వినవలసి ఉంది.

పెర్ల్ బక్ జీవితాన్ని, రచనలను ఈ ఒక్క ప్రశ్న వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం: సువార్త వినే మనిషిని ఆమె ఎలా చూశారు? ఆ చూపు ఆమెను ఎక్కడికి తీసుకెళ్ళింది, ఎక్కడ ఆమెకు తోడు రాలేదు?

2. జీవిత రేఖలు

పెర్ల్ 1892 జూన్ 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో హిల్స్‌బొరో గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు అబ్సలోం సైడెన్‌స్ట్రికర్, కేరొలైన్. ఇద్దరూ దక్షిణ ప్రెస్బిటేరియన్ సంఘం తరపున 1880లో చైనా వెళ్ళిన మిషనరీలు. సెలవు మీద స్వదేశం వచ్చినప్పుడు పుట్టిన ఈ బిడ్డను కొద్ది నెలల్లోనే తిరిగి చైనా తీసుకెళ్ళారు. యాంగ్‌ట్సీ నది ఒడ్డున ఉన్న జెన్‌జియాంగ్ పట్టణంలో ఆమె పెరిగారు. దాది చెప్పిన చైనా కథలు, తల్లి చెప్పిన అమెరికా కథలు రెండూ ఆమెవే అయ్యాయి. 1900లో విదేశీయులకు వ్యతిరేకంగా బాక్సర్ తిరుగుబాటు లేచినప్పుడు ఆ కుటుంబం షాంఘైకి తరలిపోవలసి వచ్చింది. తనవారని అనుకున్న ప్రజల మధ్య తాను పరాయిదాన్నని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది.

వర్జీనియాలోని రాండల్ఫ్ మేకన్ మహిళా కళాశాలలో 1914లో చదువు ముగించి, జబ్బుపడిన తల్లికి సేవ చేయడానికి ఆమె మళ్ళీ చైనా చేరారు. 1917లో వ్యవసాయ నిపుణుడైన మిషనరీ జాన్ లాసింగ్ బక్‌ను వివాహం చేసుకున్నారు. అన్‌హుయి రాష్ట్రంలోని నాన్‌సుజౌ అనే చిన్న పట్టణంలో ఆ దంపతులు కాపురం పెట్టారు. భర్త రైతుల సాగు పద్ధతులను అధ్యయనం చేస్తుండగా, ఆమె ఆ రైతుల ఇళ్ళలోని స్త్రీలతో మాటలు కలిపారు. 'ది గుడ్ ఎర్త్' పుట్టిన నేల అదే.

1920లో పుట్టిన కూతురు కెరల్ మానసికంగా ఎదగలేదు. కారణం ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యుసంబంధమైన లోపమని చాలా ఏళ్ళ తరువాత గానీ తెలియలేదు. 1929లో ఆ బిడ్డను న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణాలయంలో చేర్చారు. అక్కడి ఖర్చు భరించడానికి డబ్బు కావాలి. ఆమె పట్టుదలగా కలం పట్టడానికి అదీ ఒక కారణం. నవలలో వాంగ్ లుంగ్‌కు మాటలు రాని ఒక కూతురు ఉంటుంది. అతడు ఆమెను జాలిగా దగ్గరకు తీసుకుంటాడు, చివరి వరకు వదలడు. ఆ పుటల్లో ఒక తల్లి కన్నీరు ఉంది. తన కూతురి గురించి ఆమె బాహాటంగా రాయగలిగింది 1950లో, 'ది చైల్డ్ హూ నెవర్ గ్రూ' అనే పుస్తకంలో.

1927 మార్చిలో నాన్‌జింగ్ నగరంలో సైనికులు విదేశీయుల మీద దాడి చేశారు. అక్కడి విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడు జాన్ విలియమ్స్ హతుడయ్యారు. బక్ కుటుంబాన్ని ఆ రోజు కాపాడింది ఒక పేద చైనా స్త్రీ. తన గుడిసెలో వారిని దాచింది. ప్రాణం నిలిపిన ఆ గుడిసెను మరచిపోతే పెర్ల్ బక్ పేదల గురించి రాసిన తీరు మనకు అర్థం కాదు.

'ది గుడ్ ఎర్త్' అమెరికాలో 1931, 1932 రెండు సంవత్సరాలూ అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయిన నవల. 1932లో పులిట్జర్ బహుమతి, 1938లో నోబెల్ సాహిత్య బహుమతి లభించాయి. సాహిత్యంలో నోబెల్ అందుకున్న మొదటి అమెరికన్ మహిళ ఆమే. 1935లో మొదటి భర్తకు విడాకులిచ్చి, తన ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌ను పెళ్ళాడారు. 1949లో, జాతి కలయికవల్ల ఎవరూ దత్తత తీసుకోని పిల్లల కోసం 'వెల్‌కం హౌస్' అనే సంస్థను స్థాపించారు. 1972లో చైనా వెళ్ళాలని ఆశపడితే, ఆమె రచనలు కొత్త చైనాను వక్రీకరించాయంటూ ఆ ప్రభుత్వం వీసా నిరాకరించింది. 1973 మార్చి 6న వెర్మాంట్ రాష్ట్రంలో ఆమె కన్నుమూశారు. పెన్సిల్వేనియాలో ఉన్న ఆమె సమాధి రాతి మీద ఉన్నది చైనా లిపిలో చెక్కిన ఆమె చైనా పేరు.

3. రెండు కరపత్రాలు

మళ్ళీ నవల దగ్గరకు వద్దాం. సిలువ బొమ్మ ఉన్న కరపత్రం తరువాత వాంగ్ లుంగ్ చేతికి మరో కరపత్రం వస్తుంది. విమర్శకులు మొదటిదానిని గుర్తుంచుకున్నంతగా రెండవదానిని గుర్తుంచుకోరు. ఈసారి ఇచ్చినవాడు చైనా యువకుడే. బొమ్మలో చచ్చిపడి ఉన్నవాడు వాంగ్ లుంగ్ లాంటి బక్కచిక్కిన పేదవాడు. అతన్ని పొడుస్తున్నవాడు బలిసిన ధనికుడు. యువకుడు వీధిలో నిలబడి ధనికుల దోపిడీని గూర్చి ఉపన్యసిస్తాడు. వాంగ్ లుంగ్ వింటాడు. విని, తన పొలానికి వాన కురిపించే ఉపాయం ఇందులో ఏమైనా ఉందా అని అడుగుతాడు. యువకునికి ఆ ప్రశ్న మూర్ఖంగా తోస్తుంది. ఆ కాగితం కూడా చివరికి చెప్పు అట్టకే పనికివస్తుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే రచయిత్రి ఉద్దేశం తేటపడుతుంది. ఆమె గురి సిలువ మీద లేదు, విప్లవం మీద లేదు. ఎదుటి మనిషి ముఖం చూడకుండా చేతిలో కాగితం పెట్టి సాగిపోయే అలవాటు మీద ఆమె గురి. మిషనరీ ఆగలేదు. విప్లవకారుడు ఆగినా వినలేదు. వాంగ్ లుంగ్‌కు ఉన్నది ఒకే ప్రశ్న: నా నేలకు నేను ఎప్పుడు తిరిగి వెళతాను? ఆ ప్రశ్నను ఇద్దరిలో ఎవరూ చెవిన పెట్టలేదు.

మరొక సంగతి గమనార్హం. నవలలోని ఆ విదేశీయుడు పొడవుగా, సన్నగా, ఎదురుగాలికి వంగిన చెట్టులా ఉంటాడు. కళ్ళు మంచులాంటి నీలం. రచయిత్రి తండ్రి రూపం అదే. నవల వెలువడిన సంవత్సరమే ఆయన మరణించారు. ఒక కూతురు తన తండ్రిని నవలలో అరనిమిషం మాత్రం నిలబెట్టి, ఆయన ముఖం చూపించి, ఆయన వెళ్ళిపోయాక ఆ కాగితం ఏమైందో చూపించింది. ఆయన ఎన్నడూ చూడనిది అదే.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు రథం పక్కన పరుగెత్తి, చదువుతున్నది అర్థమవుతోందా అని అడిగిన ఘట్టం మనకు తెలుసు. ఐతియొపీయుడు రమ్మని వేడుకున్నాకే ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చున్నాడు. ఆ మనిషి అడిగిన ప్రశ్ననుండే ప్రకటన మొదలుపెట్టాడు. పెర్ల్ బక్ తన నవలలో చూపిన లోటు అదే: గ్రంథం ఉంది, రథం పక్కన కూర్చునే మనిషి లేడు. రైల్వే ప్లాట్‌ఫారం మీద కరపత్రాలు పంచి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చిన అనుభవం మనలో చాలామందికి ఉంది. కనుక ఈ సన్నివేశం మనకు దూరపు కథ కాదు.

4. తండ్రి చరిత్ర, తల్లి చరిత్ర

నోబెల్ సంఘం చైనా రైతు జీవిత చిత్రణతోపాటు ఆమె రాసిన జీవితచరిత్రలను కూడా ప్రత్యేకంగా మెచ్చుకున్నది. అవి రెండు. 'ది ఎగ్జైల్' తల్లి కథ. 'ఫైటింగ్ ఏంజెల్' తండ్రి కథ. రెండూ 1936లో అచ్చయ్యాయి. తల్లి కథను మాత్రం ఆమె 1921లో తల్లి చనిపోయిన కొద్దికాలానికే కుటుంబం కోసం రాసి దాచుకున్నారు. ఈ పుస్తకాల్లో తండ్రి పేరు ఆండ్రూ, తల్లి పేరు కేరీ. ఆమె రచనలన్నిటిలో కాపరులు ముందుగా చదవదగినవి ఇవే అని నా అభిప్రాయం.

ఆండ్రూ భయమెరుగని మనిషి. గ్రామాలు తిరిగారు, రాళ్ళదెబ్బలకు జంకలేదు. చైనా భాషను పండితుల స్థాయిలో నేర్చుకున్నారు. తనకంటూ ఏమీ కోరుకోలేదు. గ్రీకునుండి కొత్త నిబంధనను చైనా భాషలోకి అనువదించడం ఆయన జీవితవ్రతం. ఒక్కొక్క ముద్రణకూ అయ్యే ఖర్చును ఆ కుటుంబం చాలీచాలని జీతంనుండి తీశారు. ఇంటికి కావలసినవి తగ్గుతూ వచ్చాయి. అనువాదం సవరించి మళ్ళీ అచ్చువేయించారు. మళ్ళీ ఇంట్లో ఇబ్బంది. బాప్తిస్మం ఎలా ఇవ్వాలి అన్న విషయమై ఒక బాప్తిస్టు మిషనరీతో ఆయనకు నడిచిన పోరును కూతురు నవ్వుతూనే వర్ణించారు. సంఘ సరిహద్దుల తగాదాలు ఎరిగిన మన పాఠకులు ఆ పుటలు చదివి నవ్వుకుంటారు, వెంటనే తల దించుకుంటారు కూడా.

కేరీ ఏడుగురు పిల్లలను కన్నారు. నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. భర్త ఊళ్ళు తిరుగుతుంటే, ఇంటి వాకిట్లోకి వచ్చే చైనా స్త్రీల కష్టసుఖాలు ఆమె వినేవారు. చెప్పుకోవడానికి వేరే చోటు లేని ఆడవారు ఆమె దగ్గర గుండె దించుకునేవారు. ప్రతి ఇంటా ఆమె అమెరికా పూలమొక్కలతో ఒక తోట వేసుకున్నారు. దేవునినుండి ఒక స్పష్టమైన సూచన కోసం జీవితమంతా ఎదురుచూశారు. అది దొరికిందని ఆమె ఎన్నడూ ధీమాగా చెప్పలేకపోయారని కూతురు రాశారు. తల్లి వెలుగు మసకబారడం చూసినప్పటినుండి పౌలు మీద తనకు ద్వేషం పుట్టిందని కూడా పెర్ల్ రాశారు. ఈ మాట మనకు కటువుగా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో పౌలు మాటలను భార్యను అణచి ఉంచడానికి ఎలా వాడారో చూసిన పిల్ల చెప్పిన మాట ఇది. పత్రికను తప్పుపట్టే ముందు, దానిని ఇంట్లో చదివి వినిపించిన తీరును గూర్చి ఆలోచించాలి.

ఆండ్రూ తన జీవితకథను తానే కొద్ది పుటల్లో రాసుకున్నారట. దానిలో పరిచర్య వివరాలున్నాయి, ఇంటివారి ప్రస్తావన బహు స్వల్పం. కూతురు రాసిన రెండు పుస్తకాలను ఆ కొద్ది పుటలకు చేర్చిన అనుబంధంగా చదవవచ్చు. పరిచర్య నివేదికలో చోటు దొరకనివారి పేర్లు ఆమె రాసి పెట్టారు.

ఈ పుస్తకాల గొప్పతనం వాటి కోపంలో లేదు. కోపం ఉండికూడా తండ్రిని ఆమె చిన్నబుచ్చలేదు. ఆయన దేవదూతే, యుద్ధం చేసే దేవదూత. పుస్తకం పేరే ఆ మాట చెబుతుంది. తల్లి మరణించాక ఆయన నాన్‌జింగ్‌లో కూతురి ఇంట్లోనే వృద్ధాప్యం గడిపారు. ఆ ముసలితనాన్ని ఆమె ప్రేమతో చిత్రించారు. ఆయన తెచ్చిన సువార్త నిజమా కాదా అని ఆమె ఈ పుస్తకంలో వాదించరు. ఆ సువార్త ఖర్చు ఎవరు భరించారు అని మాత్రం అడుగుతారు. ఈ ప్రశ్నకు సిద్ధాంత గ్రంథాల్లో సమాధానం దొరకదు. మన ఇళ్ళలోనే వెదకాలి.

5. 1932 నాటి ప్రసంగం, మేచెన్‌తో వివాదం

అమెరికాలోని ఏడు సంఘశాఖలకు చెందిన విశ్వాసుల చొరవతో, తత్వశాస్త్రవేత్త విలియం హాకింగ్ అధ్యక్షతన ఒక పరిశీలక బృందం ఇండియా, బర్మా, చైనా, జపాన్ దేశాల్లోని మిషన్ పనిని పరిశీలించింది. దాని నివేదిక 'రీథింకింగ్ మిషన్స్' 1932లో వెలువడింది. మిషన్ పని ఇతర మతాలను గౌరవిస్తూ, సేవకు పెద్దపీట వేయాలని ఆ నివేదిక కోరింది. పెర్ల్ బక్ దానిని 'ది క్రిస్టియన్ సెంచరీ' పత్రికలో గొప్పగా మెచ్చుకున్నారు. ఆ చర్చ మన దేశాన్ని కూడా తాకింది. నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య, మరికొందరు భారతీయ క్రైస్తవ మేధావులు 1938లో తాంబరం మహాసభ సందర్భంగా వెలువరించిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' సంపుటిని ఆ కాలపు వాదోపవాదాలనుండి విడదీసి చదవలేం. అయితే చెంచయ్యగారి ప్రశ్నలు స్వీకరించినవారి పక్షంనుండి వచ్చినవి, పెర్ల్ బక్ ప్రశ్నలు పంపినవారి పక్షంనుండి వచ్చినవి.

1932 నవంబరు 2న న్యూయార్క్‌లో ప్రెస్బిటేరియన్ స్త్రీల సభలో ఆమె ప్రసంగించారు. విదేశీ మిషన్లకు ఇంకా సమర్థన ఉందా అన్నది విషయం. సంకుచితులు, సానుభూతి లేనివారు, తాము వెళ్ళిన ప్రజల నాగరికతను గూర్చి ఏమీ తెలియనివారు అయిన మిషనరీలను తాను చూశానని నిర్మొహమాటంగా చెప్పారు. మిషన్లు వద్దని ఆమె అనలేదు. మంచివారిని, తక్కువమందిని, వినయంగలవారిని పంపమన్నారు. బోధకంటె జీవించి చూపడం ముఖ్యమన్నారు. 1933 జనవరిలో ఆ ప్రసంగం 'హార్పర్స్' పత్రికలో అచ్చయి దుమారం రేపింది.

ఆమెను ఎదిరించినవారిలో ముఖ్యుడు జె. గ్రెషం మేచెన్. ఆయన రాసిన గ్రీకు వ్యాకరణంతో భాష నేర్చుకున్న వేదాంత విద్యార్థులకు ఆ పేరు పరిచితమే. క్రీస్తు ప్రాయశ్చిత్తాన్ని, పాపం గూర్చిన బోధను పక్కన పెట్టిన వ్యక్తిని మిషన్ బోర్డు ఎలా కొనసాగిస్తుందని ఆయన 1933లో ఒక చిన్న పుస్తకంలో నిలదీశారు. ఆ సంవత్సరం మే నెలలో పెర్ల్ బక్ రాజీనామా ఇచ్చారు. బోర్డు విచారం వెలిబుచ్చుతూ దానిని స్వీకరించింది. మేచెన్ దానితో తృప్తిపడలేదు. అదే ఏడు స్వతంత్ర మిషన్ బోర్డును, 1936లో కొత్త సంఘాన్ని ప్రారంభించారు.

ఈ వివాదంలో మేచెన్ అడిగిన ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. ఆమె తన తరువాతి వ్యాసాల్లో క్రీస్తును ఒక మహోన్నత ఆదర్శంగా మాత్రమే నిలిపారు. చరిత్రలో జరిగిన సిలువ, పునరుత్థానం ఆమెకు తప్పనిసరి కాకుండా పోయాయి. ఇక్కడ ఆమె తర్కంలో ఒక లోపం ఉంది. వాంగ్ లుంగ్‌కు ఆ బొమ్మలోని మనిషి ఎవరో ఎవరూ చెప్పలేదు. ఆ తప్పుకు పరిష్కారం కూర్చుని చెప్పడమే. చెప్పవలసినది ఏదీ లేదనడం కాదు. బొమ్మలో వేలాడుతున్నవాడు ఎవరన్న ప్రశ్న, ముసలాయన వేసిన తప్పు అంచనా తరువాత కూడా, జవాబు కోసం అలాగే నిలిచి ఉంది. నవలా రచయిత్రిగా ఆ ప్రశ్నను తెరిచి ఉంచిన ఆమె, ఉపన్యాసకురాలిగా దాన్ని మూసివేశారు.

అయితే మరొక మాట కూడా చెప్పాలి. మేచెన్ 1937 జనవరి 1న, డకోటా ప్రాంతంలో ప్రసంగాల పర్యటనలో ఉండగా జబ్బుచేసి మరణించారు. ఆ నెలలోనే 'న్యూ రిపబ్లిక్' పత్రికలో ఆయనకు నివాళి రాసినవారిలో పెర్ల్ బక్ ఒకరు. ఆయనతో తనకు ఏ విషయంలోనూ పొత్తు కుదరలేదని ఒప్పుకుంటూనే, నమ్మినదానికోసం ఎవరికీ తల వంచని ధైర్యాన్ని ఆమె ఘనపరచారు. దానికి కొద్ది నెలల ముందే 'ఫైటింగ్ ఏంజెల్' వెలువడింది. ఆమె మేచెన్‌లో తన తండ్రిని గుర్తుపట్టారని నేననుకుంటాను. తనను వెళ్ళగొట్టాలని చూసిన ప్రత్యర్థిని అంత ఉదారంగా అర్థం చేసుకోవడం వేదాంత వివాదాల చరిత్రలో తరచుగా కనిపించదు.

6. పరిమితులు

ఆమె రచనల మీద నిష్పక్షపాతమైన అంచనాకు కొన్ని లోపాలు ఎత్తిచూపక తప్పదు.

మొదటిది, రాశి. ఆమె 70కి పైగా పుస్తకాలు రాశారు. వాటిలో చాలా భాగం తొందరలో రాసినవి. తరువాతి నవలల్లో పాత్రలు మాట్లాడవు, రచయిత్రి మాట్లాడతారు. జాతి వివక్ష తప్పు, యుద్ధం తప్పు, స్త్రీకి స్వేచ్ఛ కావాలి: అన్నీ మంచి మాటలే, కానీ కథ వాటి బరువుకు వంగిపోతుంది. మిషన్ బోర్డును వదిలిన రచయిత్రి ప్రకటించడం మానలేదు. ఎందరికో కరపత్రాలు పంచారు.

రెండవది, చైనాను గూర్చిన అధికారం. 'ది గుడ్ ఎర్త్' చైనా జీవితాన్ని సరిగా చూపలేదని జియాంగ్ కాంగ్‌హు అనే చైనా పండితుడు 1933లో 'న్యూయార్క్ టైమ్స్'లో విమర్శించారు. చైనా అంటే పండితుల సంస్కృతి అని ఆయన భావం. కోట్లాది రైతులూ చైనాయే అని ఆమె సమాధానం. ఇందులో ఆమెదే పైచేయి అని నేను భావిస్తాను. అయినా, ఇతరుల జీవితాన్ని వారి తరపున లోకానికి చెప్పే హక్కు ఎవరికి ఉంది అన్న ప్రశ్న దానితో ముగియదు. మిషన్ నివేదికలు రాసే మనలను కూడా ఆ ప్రశ్న వెంటాడాలి.

మూడవది, జీవితచరిత్రల్లోని తూకం. తల్లి అంతా వెచ్చదనం, తండ్రి అంతా చలి అన్నట్టు ఆ పుస్తకాలు అప్పుడప్పుడు ఒరిగిపోతాయి. ఆండ్రూ మనసులోనికి మనం ఎప్పుడూ ప్రవేశించలేం. నలుగురు బిడ్డలను పోగొట్టుకున్నది ఆయన కూడా. ఆ దుఃఖాన్ని ఆయన ఎక్కడ దాచుకున్నారో కూతురికి తెలియలేదు, కనుక మనకూ తెలియదు. తండ్రి ఎదుటివారిని వినలేదని చెప్పిన కూతురు తండ్రిని పూర్తిగా వినగలిగిందా? ఇది ఆమె పుస్తకమే ఆమెను అడిగే ప్రశ్న.

నాలుగవది, ఆమె స్వంత సేవ. 'వెల్‌కం హౌస్' ఎందరో పిల్లలకు ఇళ్ళు చూపింది. దాని తరువాత 1964లో తన పేరున స్థాపించిన ధర్మసంస్థ నిర్వహణపై 1969లో పత్రికల్లో తీవ్రమైన విమర్శలు వచ్చాయి. తాను నమ్మినవారిని గూర్చి ఎవరు హెచ్చరించినా ఆమె ఆలకించలేదు. ఈ మొండితనం ఎక్కడిదో ఆమె పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. ఆమె కూడా యుద్ధం చేసే దేవదూతే.

7. ముగింపు

పై పరిశీలనను బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. పెర్ల్ బక్ చూసినప్పుడు గొప్ప రచయిత్రి, ప్రకటించినప్పుడు సామాన్య రచయిత్రి. చూపు ఆమెకు తల్లినుండి వచ్చింది, ప్రకటన తండ్రినుండి. వాకిట్లో కూర్చుని ఎదుటివారి మాట వినే తల్లి అలవాటు 'ది గుడ్ ఎర్త్'ను, 'ది ఎగ్జైల్'ను, 'ఫైటింగ్ ఏంజెల్'‌ను సాధ్యం చేసింది. ఆ అలవాటు జారిపోయిన చోట, ఆమె తాను నిందించిన పనే చేశారు.

కాపరికి దీనివల్ల కలిగే ప్రయోజనం రెండు విధాలు. ఒకటి, మత్తయి 13వ అధ్యాయంలోని విత్తువాని ఉపమానం చదివేటప్పుడు మనం సాధారణంగా నేలల లోపాలు లెక్కపెడతాం. దారిపక్క నేల, రాతి నేల, ముండ్లపొదల నేల అని సంఘస్థులను విభజించి బోధిస్తాం. పెర్ల్ బక్ తన నవలకు పెట్టిన పేరు మంచి నేలను గూర్చినది. ఆ నేల మీద బ్రతికే మనిషిని ఎరుగకుండా, అతని కరవు ఎరుగకుండా విత్తడం ఎలాంటి వ్యవసాయం అని ఆ పేరు మనల్ని అడుగుతుంది. ఏ రైతూ తన నేల ముఖం చూడకుండా విత్తడు.

రెండవది, మన పరిచర్య నివేదికలను మరొకసారి తిరగవేసుకోవాలి. ఎన్ని గ్రామాలు, ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని కరపత్రాలు అన్న లెక్క ఉంటుంది. దానికోసం పస్తులున్నవారి పేర్లు, మన మాట వినడానికి ముందు తమ మాట వినమని ఎదురుచూసినవారి పేర్లు ఉండవు. కాపరుల ఇళ్ళలో పుట్టి, సంఘానికి దూరమైన కుమారులను, కుమార్తెలను మనం ఎరుగుదుం. వారి గూర్చి ప్రార్థన చేస్తాం. వారు ఏమి చూశారో మాత్రం అడగం. ఒక కుమార్తె చూసినది పుస్తకంగా రాసి ఇచ్చింది. ఆమె విశ్వాసంలోని లోపాన్ని లోపమని చెప్పే హక్కు మనకుంది. ఆ పుస్తకాన్ని ఆసాంతం చదివిన తరువాతే ఆ హక్కు.

ఓలాన్ చెడ్డ స్త్రీ కాదు. దైవదూషణ చేయాలని ఆ కాగితాన్ని కాలి కింద పెట్టలేదు. పిల్లల కాళ్ళకు చెప్పులు కావాలి, దానికి గట్టి కాగితం కావాలి. ఆమెకు ఎవరైనా ఆ బొమ్మలోని మనిషి సంగతి చెప్పి ఉంటే, ఆకలిగొన్నవారి మధ్య, చెప్పులు లేనివారి మధ్య ఆయన నడిచిన సంగతి చెప్పి ఉంటే, ఆ కాగితం ఎక్కడ దాచుకునేదో మనకు తెలియదు. చెప్పవలసినవాడు అప్పటికే వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.